అప్‌డేట్: గోలీ ఘనపరిమాణం లెక్క కుదిరింది

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ప్రాజెక్టు గురించి మొన్న అడిగాను కదా: ఒకే గోలీకి వెర్నియర్ కాలిపర్స్‌తో (వ్యాసం కచ్చితంగా కొలిచే పరికరం) లెక్క 2.14 ఘన సెం.మీ., కొలజాడీ నీళ్లలో వేసి మట్టం ఎంత పెరిగిందో చూస్తే మాత్రం 3 మి.లీ. (1 మి.లీ. అంటే 1 ఘన సెం.మీ.యే). తేడా ఎందుకని.

తప్పు గోలీది కాదు, మాదే. వ్యాసం 1.60 సెం.మీ. సరిగ్గానే ఉంది, సున్నా దోషం (పరికరం పూర్తిగా మూసినా సున్నా చూపకపోవడం) కూడా లేదు. మా జాడీలో ఒక్కో గీత 1 మి.లీ. అంత చిన్న గోలీని దాంతో కొలవడమంటే బియ్యం తూచే కాటాతో ఉంగరం తూచినట్టే. పైగా మొదటి రీడింగ్ వంగి చూసింది, రెండోది నిలబడి పైనుంచి చూసేసింది. అలా చూస్తే మట్టం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

నిన్న ఒకేలాంటి గోలీలు పది తీసుకున్నాం. జాడీని వాల్చి ఒక్కొక్కటే జార్చాం (టప్పున వేస్తే నీళ్లు చిందుతాయి, గాజు పగిలితే ఇంట్లో నాకు క్లాసు). అంటుకున్న బుడగలు పోయేదాకా తట్టి, కన్ను నీటిమట్టానికి తెచ్చి, నీటి పైభాగంలో కనిపించే వంపు అడుగుభాగం చూశాం. మట్టం 50 మి.లీ. నుంచి 71.5కి పెరిగింది. అంటే ఒక్కో గోలీకి 2.15!

పదేసి వేయమన్నవారికి థ్యాంక్స్. ఇక గులకరాయి కొలుస్తానంటోంది, దాని ఆకారం గుండ్రంగా ఉండదు కాబట్టి వెర్నియర్ పనికిరాదు, జాడీయే దిక్కు.