పాత మారుతి 800కి ప్రీమియం పెట్రోలు అవసరమా?

నెల్లిమర్ల కుర్రాడు:
మాది 2006 మారుతి 800, నాన్నగారి బండి. మొన్న విజయనగరం బంకులో కుర్రాడు "పాత బండి కదండీ, ప్రీమియం కొట్టించండి, ఇంజను ఫ్రీ అయిపోద్ది" అన్నాడు. కొట్టించాను. పికప్ పెరిగినట్టే ఉంది. లీటరుకు ఎనిమిది రూపాయల పైనే తేడా. భ్రమంటారా?

ఆమదాలవలస బాబాయ్:
భ్రమే నాయనా. కొత్త చెప్పులేసుకుంటే నడక మారినట్టుంటుంది చూడు, అలాంటిదే. ఆక్టేన్ అంటే పెట్రోలు బలం కాదు. సిలిండర్‌లో ఒత్తిడికి తనంతట తాను అంటుకోకుండా ఆగే ఓపిక. అది చాలకపోతే ఇంజను టకటకా కొడుతుంది. మీ 800లో కంప్రెషన్, అంటే పెట్రోలు-గాలి మిశ్రమాన్ని నొక్కేది, తొమ్మిది రెట్ల చుట్టుపక్కలే, 91 ఆక్టేన్ సరిపోతుంది. పైగా 20 శాతం ఎథనాల్ కలిశాక మామూలు పెట్రోలే 95 అయింది. ఇక నువ్వు అదనంగా కొంటున్నది మసి కడిగే మందు.

పాలకొండ జెన్:
ఆ లెక్కలు కొత్త ఇంజనుకండీ. నా జెన్ ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మూడో గేరులో టకటకా కొట్టేది. ప్రీమియం మొదలెట్టాక తగ్గింది. ఇరవయ్యేళ్ల మసి పేరుకుంటే లోపల జాగా తగ్గి ఒత్తిడి పెరగదా?

ఆమదాలవలస బాబాయ్:
పెరుగుతుంది, కాదనను. అలా కొట్టే బండికి ప్రీమియంలోని మసి కడిగే మందు కొంత పనికిరావచ్చు. కానీ ముందు మసి తీయించి, ప్లగ్గులు మార్చి చూడండి. ఘాట్‌లో రెండో గేరు వేసినా పరువేం పోదు.

నా టెన్షన్ ఆక్టేన్ గురించి కాదు, ఎథనాల్ గురించి. 2023 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లలో రబ్బరు దాన్ని తట్టుకునేలా చేస్తున్నారు, మన పాతవాటిలో కాదు. 95 ప్రీమియంలోనూ ఎథనాల్ ఉంటుంది. ఎథనాల్ లేని 100 ఆక్టేన్ ఉంది గానీ, దాని ధరకి రోజూ తిరగలేం. పోయిన వేసవిలో నా బండి బానెట్ ఎత్తితే గుప్పున పెట్రోలు వాసన. క్లిప్పు పక్కన పైపు వంచి చూస్తే సన్నగా చిట్లి ఉంది, వేలికి నల్లగా అంటింది. పైపులు, క్లిప్పులు కలిపి 400 అయ్యాయి. ప్రీమియానికి పెట్టే డబ్బు అక్కడ పెట్టు.

నెల్లిమర్ల కుర్రాడు:
ఆదివారం పైపులు చూపిస్తాను బాబాయ్. ట్యాంకులో ఉన్న ప్రీమియం తీసేయాలా?

ఆమదాలవలస బాబాయ్:
ఎందుకురా, హాయిగా తిరిగెయ్.