పొట్ట ‘విప్పి’ చూడాలా, ‘విచ్చి’ చూడాలా?

తాండూరు కంది: నిన్న చేలో ఒక పచ్చికాయ ఒలిచాను. పైన చిన్న గాటు కూడా లేదు. లోపల నాలుగు గింజలు, రెండింట్లో కాళ్లులేని తెల్ల పురుగు. వేమన మేడిపండు నోటికొచ్చింది, ‘పొట్ట విప్పి చూడ’ అన్నాను. మా మామ ‘విచ్చి చూడ’ అని దిద్దాడు. ఏది సరి?

ఆటవెలది: ఛందస్సు తేల్చదండీ. విప్పి అన్నా విచ్చి అన్నా గురువు, లఘువు. యతి పొ–పు, అదీ చెడదు. అసలు తేడా పై పాదంలో ఉంది. ‘మేలిమై యుండు’ అంటే చివరి ఇంద్రగణం చాలదు, ‘యుండును’ అనాలి. ఆ ‘ను’ని అందరూ మింగేస్తున్నారు.

పొలంగట్టు: ‘ను’ సంగతి తర్వాత. అది కాయతొలుచు ఈగ, మెలానగ్రోమైజా అబ్ట్యూసా. శనగపచ్చ పురుగైతే కాయకి గుండ్రని కంత కనిపించేది. ఈ ఈగ లేతకాయ గోడలో గుడ్డు పెడుతుంది. పిల్ల గింజలోకి పోయి తింటుంది, ప్యూపా (పురుగు ఈగగా మారే దశ) కూడా కాయలోనే. దానికి ముందు గోడని లోపల్నుంచి గీకి, పల్చటి పైపొర మిగిల్చి కిటికీలా చేస్తుంది. ఈగ ఆ పొర చీల్చుకునే బయటికొస్తుంది. అంటే విచ్చేది ఈగ, విప్పేది మనం!

బడి మాస్టారు: విచ్చు మామూలుగా అకర్మకం బాబూ. పువ్వు విచ్చుతుంది, మూట విప్పుతాం.

ఆటవెలది: మరి నెమలి పురి విచ్చింది అనరా?

బడి మాస్టారు: అక్కడ విచ్చింది పురి. నెమలి విప్పింది.

మలావీ నుంచి: ఇక్కడా కంది బాగా వేస్తారు, కానీ ఆ ఈగ కాదు. దాని దాయాది చాల్కోసోమా ఆఫ్రికాది. అబ్ట్యూసా దక్షిణాసియా, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియాల్లోది. అన్నట్టు మూడో పాదం ఎవరికీ గుర్తుండదేం? ‘పిరికివాని మదిని బింకము’ అన్నాడు. మనం దొంగస్వాములకి వాడేస్తున్నాం.

పొలంగట్టు: మేడి లోపలివి కూడా అసలు ఈగలు కావు, కందిరీగల చుట్టాలు. మేడిపూలకి పుప్పొడి మోసేది అవే. పాపం, వేమన తిట్టించేశాడు.

బడి మాస్టారు: తిట్టింది పిరికివాణ్ణి. పురుగుని కాదు.

తాండూరు కంది: మొత్తం మామకి చదివి వినిపించాను. ‘ను’ ఒప్పుకున్నాడు. ‘విచ్చి’ మాత్రం వదలనంటున్నాడు.