సిద్ధంగా దొరికిన ఛానెళ్ల ఫైలు ఎక్కించుకోవాలా, ఒక్కొక్కటీ చేత్తో నింపుకోవాలా?

కొత్తశ్రోత:
నమస్కారం. చేతిలో పట్టుకునే రేడియో స్కానర్ (ఫ్రీక్వెన్సీలు వరసగా తిప్పుతూ మాటలున్న చోట ఆగి వినిపించే పరికరం) కొని పది రోజులైంది. గాలివాటు గారు ఇక్కడ పెట్టిన ఫైలును కంప్యూటర్ నుంచి అందులోకి ఎక్కించాను. 430 ఛానెళ్లు వచ్చాయి. స్కాన్ నొక్కితే అంకెలు గబగబా పరుగెత్తి 212వ ఛానెల్ దగ్గర ఆగిపోతాయి. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, మాట మాత్రం ఒక్కటీ రాదు. దాటిస్తే ఒక చుట్టు తిరిగి మళ్లీ అక్కడికే వచ్చి కూర్చుంటుంది. ఫైలు చెరిపేసి చేత్తో నింపుకోవాలా?

పాతచెవి:
చెరిపేయండి. ఎన్నిసార్లు చెప్పినా ఇదే వరస. మొదటి నెల ఇరవై ఛానెళ్లు చాలు. విమానాల బ్యాండుతో మొదలుపెట్టండి: 118 నుంచి 137 మెగాహెర్ట్జ్, మోడ్ (తరంగం మీద మాటను ఎక్కించే తీరు) ఎఎం, అడుగు (ఒక ఫ్రీక్వెన్సీ నుంచి తర్వాతిదానికి ఎడం) 25 కిలోహెర్ట్జ్. మీ దగ్గర 8.33 అడుగు వాడుకలో ఉంటే అది పెట్టుకోండి. స్కాన్ మెమరీలో ఉన్నవే తిప్పుతుంది; అది కాదు, బ్యాండంతా వెతికే సెర్చ్ నడపండి. ఆగిన చోటల్లా ఫ్రీక్వెన్సీ, సమయం, విన్న మాట కాగితం మీద రాయండి. రెండోసారి కూడా వినిపించినదే మెమరీలోకి వెళ్లాలి.

నిలువుకడ్డీ:
యాంటెన్నా మార్చండి.

గాలివాటు:
ఇలాంటి సలహా వినే సగం మంది కొత్తవాళ్లు స్కానర్‌ను అటక మీద పెట్టేస్తారు. ఫైలులో తప్పు లేదు. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు బుసను అణిచే మీట) సరిగా పెట్టి ఉండరు. దాన్ని పూర్తిగా తెరవండి, బుసబుస వినిపిస్తుంది. మెల్లగా తిప్పుతూ ఆ బుస ఆగిన చోటి నుంచి ఇంకొక్క గడి ముందుకు జరిపి వదిలేయండి. అంతకు మించి బిగిస్తే దూరపు సిగ్నళ్లు పోతాయి. ఇక 430 ఛానెళ్లంటారా, సెకనుకు 80 చొప్పున చూసే పరికరానికి ఒక చుట్టుకు అయిదున్నర సెకన్లు కూడా పట్టదు. ఎఎం, ఎఫ్‌ఎం తేడా కూడా కొత్తవాళ్లకు అక్కరలేదు, ఫైలే చూసుకుంటుంది.

పాతచెవి:
ఆ 80 అన్ని ఛానెళ్లూ మూగగా ఉన్నప్పటి లెక్క. ఒకచోట మాట దొరికితే అది అయ్యేదాకా ఆగుతుంది, ఆపైన డిలే, అంటే జవాబు వస్తుందేమోనని నిలిచే వ్యవధి, మరో రెండు సెకన్లు. పది చోట్ల మాటలు నడుస్తుంటే మీ అయిదున్నర సెకన్లు ఎక్కడికి పోయాయి? పైలట్ పలికేది మూడు నాలుగు సెకన్లు. మీరు చుట్టు పూర్తి చేసేసరికి ఆయన మాట ముగిసిపోతుంది.

గాలివాటు:
అందుకే బ్యాంకులు, అంటే ఛానెళ్ల గుంపులు, ఉన్నాయి. అవసరం లేనివి ఆపేసుకోవచ్చు. ముఖ్యమైన దాన్ని ప్రయారిటీలో పెడితే ఏ రెండు సెకన్లకో ఒకసారి స్కానరే వెళ్లి చూసి వస్తుంది. ఇది మీకు తెలియదని నేను అనుకోను.

పాతచెవి:
ఏది ముఖ్యమో కొత్తవారికి ఎలా తెలుస్తుంది? 430లో ఒక్కటి కూడా ఆయన విని ఎంచుకున్నది కాదు. తేడా అక్కరలేదన్నారు కదా, విమానాలు ఇప్పటికీ ఎఎం ఎందుకు వాడుతున్నాయో తెలిస్తే ఆ మాట అనరు. ఇద్దరు పైలట్లు ఒకేసారి మైకు నొక్కితే ఎఎంలో ఈల లాంటి చప్పుడు వచ్చి మాటలు ఢీకొన్నాయని అందరికీ తెలుస్తుంది. ఎఫ్‌ఎంలో బలమైన సిగ్నల్ రెండోదాన్ని మింగేస్తుంది, రెండో మనిషి ఉన్నాడనే తెలియదు. ఈ ఒక్క ముక్క తెలిసినవాడు ఈల వినగానే స్కానర్ పాడైందని పోస్టు పెట్టడు.

ముందుజాగ్రత్త:
కొన్ని దేశాల్లో స్కానర్ ఉంచుకోవడానికే అనుమతి కావాలి. కొన్ని చోట్ల వినవచ్చు గానీ విన్నది బయట చెప్పకూడదు. ప్రశ్న అడిగినవారు అది చూసుకున్నారా?

కొత్తశ్రోత:
చూసుకున్నానండీ. గాలివాటు గారూ, స్క్వెల్చ్ మీరు చెప్పినట్టే పెట్టాను. చివరిదాకా బిగించినా 212 దగ్గర ఆగుతూనే ఉంది. పైగా అక్కడ బుస కూడా లేదు. గది తలుపు మూసినట్టు నిశ్శబ్దం.

పదహారోఛానెల్:
టోన్ (మాటతో పాటు వెళ్లే, మనకు వినిపించని గుర్తు స్వరం) పెట్టి ఉందేమో చూడండి. ఛానెల్‌కు టోన్ కేటాయించి ఉంటే, అదే టోన్‌తో వచ్చే సిగ్నల్‌కే స్పీకర్ తెరుచుకుంటుంది. గీతలు లేస్తాయి, చప్పుడు రాదు. నేను ఓడల బ్యాండు మాత్రమే వింటాను, అక్కడ ఈ గొడవ లేదు. 156.8 మెగాహెర్ట్జ్ పెట్టుకుంటే కబురు అదే వస్తుంది.

నిలువుకడ్డీ:
విమానాల బ్యాండుకు తగిన కడ్డీ పొడవు పావు తరంగం, అంటే దాదాపు 60 సెంటీమీటర్లు. పెట్టెలో వచ్చే రబ్బరు కడ్డీ అందులో సగం కూడా ఉండదు. యాంటెన్నా మార్చండి.

కొత్తశ్రోత:
టోన్ ఏమీ లేదండీ. మోడ్ ఎఫ్‌ఎం అని ఉంది. తెర మీద ఛానెల్ పేరు ‘రాత్రి మనిషి’ అని కనిపిస్తోంది. ఇది ఏ శాఖ వారిది?

పాతచెవి:
ఏ శాఖా కాదు. ఆ పేరు పెట్టింది నేను.

గాలివాటు గారూ, ఇప్పుడు చెప్పండి. ఈ 430 ఎక్కడివి? రెండేళ్ల కిందట నా నోటు పుస్తకంలోని పట్టికను ఇక్కడే పెట్టాను. పదకొండేళ్లు విని రాసినది. మీ ఫైలు మీద మీ పేరు ఉంది, నా పేరు ఎక్కడా లేదు.

గాలివాటు:
అందరూ చూసే చోట పెట్టిన పట్టిక అది. ఫ్రీక్వెన్సీలు ఎవరి సొత్తూ కావు.

పాతచెవి:
కావు. కానీ నా పట్టికలో చివర వివరాల గడి ఒకటి ఉండేది. అదేమైంది?

గాలివాటు:
స్కానర్‌లో పేరుకు 16 అక్షరాలే పడతాయి. వివరాలకు చోటు లేదు, తీసేశాను.

పాతచెవి:
తీసేసిన గడిలో ఏముందో కొత్తశ్రోత గారి కోసం రాస్తాను. నా స్కానర్ కొన్న కొత్తలో ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర గీతలు నిండుగా లేచేవి, మాట ఉండేది కాదు. నేను వినేది రాత్రిళ్లే కాబట్టి, ఎవరో రాత్రి పూట మైకు నొక్కిపెట్టి మాట్లాడకుండా కూర్చుంటున్నారని అనుకుని ఆ పేరు పెట్టాను. మూడు వారాలు కాపు కాశాను. ఏ నిమిషానైనా పలకకపోతాడా అని! ఒక రోజు కడ్డీ మార్చడానికి యాంటెన్నా విప్పాను. ‘మనిషి’ కదలలేదు, ఒక్క గీత కూడా తగ్గలేదు. బయటి నుంచి వచ్చే సిగ్నలే కాదది. స్కానర్ లోపలి ఆసిలేటర్లు పుట్టించే తరంగం, దాన్ని బర్డీ అంటారు. మాట మోయని ఒట్టి తరంగం (క్యారియర్) కనుక ఎఫ్‌ఎంలో బుస కూడా అణిగిపోతుంది. అదే మోడల్ ఉన్నవాళ్లందరికీ దాదాపు అక్కడే తగులుతుంది. గడిలో ‘ఎవరూ లేరు, లాకౌట్ చేయండి’ అని రాశాను, అంటే స్కాన్ ఆ ఛానెల్‌ను దాటేసేలా పెట్టుకోమని. ఆ ముక్క తీసేసి, లేని మనిషిని నాలుగు వందల ఛానెళ్ల మధ్య కూర్చోబెట్టి పంచిపెట్టారు.

గాలివాటు:
అది నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు నా మాట కూడా వినండి. మూడేళ్ల కిందట నేను కొత్తగా వచ్చి ఏవి పెట్టుకోవాలని అడిగాను. మీరిచ్చిన జవాబు రెండే మాటలు: ‘ముందు వినండి.’ ఏమి వినాలో తెలియకే కదా అడిగింది? విడిగా కూడా రాశాను. జవాబు లేదు. ఆ నెల స్కానర్ అమ్మేయబోయాను. తర్వాత మీరు పట్టిక పెట్టినప్పుడు దాన్ని 430 సార్లు చేత్తో కొట్టి ఫైలు చేసింది పేరు కోసం కాదు. నాలాగా ఇంకొకరు అడిగి నోరు మూసుకోకూడదని.

పాతచెవి:
విడిగా రాసినది నాకు గుర్తు లేదు.

గాలివాటు:
నాకుంది.

చిట్టిరేడియో:
ఫైలు చేత్తో చేశారు కదా. మరి ఇద్దరిలో చేత్తో నింపుకున్నది ఎవరు?

కొత్తశ్రోత:
యాంటెన్నా విప్పి చూశాను. నిజమే, గీతలు అలాగే ఉన్నాయి. 212ను లాకౌట్ చేశాను. విమానాల బ్యాంకు ఒక్కటి ఉంచి మిగతావి ఆపేశాను. ఇరవై నిమిషాలకు ఎవరో ఒక ఎత్తు చెప్పారు, ఇంకొకరు దాన్నే తిరిగి చెప్పారు. అంతే. సమయం రాసుకున్నాను. ఫైలు ఉంచుకుంటాను, కాగితం కూడా ఉంచుకుంటాను, కోపం తెచ్చుకోకండి.

నిలువుకడ్డీ:
యాంటెన్నా తీసేస్తే సమస్య తేలిందంటున్నారా?

పాతచెవి:
ఫైలు సరిచేసేటట్టయితే 97, 305 కూడా తీసేయండి. పట్టికలో వాటి పక్కనా ప్రశ్నార్థకం ఉండేది.

గాలివాటు:
97 తీస్తాను. 305 తీయను. అది నేను రోజూ వింటున్నాను.

పాతచెవి:
ఏమి వింటున్నారు?

గాలివాటు:
మధ్యమధ్యలో టక్‌మని చప్పుడు వస్తుంది.

పాతచెవి:
యాంటెన్నా విప్పి విన్నారా?