ఫోన్ స్క్రీన్ టీవీలోకి రావట్లేదు: మిరాకాస్టా, గూగుల్ కాస్టా ముందు తేల్చండి (చర్చ)

పటమట వాసి:
హాల్లో 43 అంగుళాల గూగుల్ టీవీ, ఫోన్ ఆండ్రాయిడ్ 13. ఫైబర్ వాళ్ళిచ్చిన డబ్బా వీధి గదిలో ఉంది. దాన్నుంచి ల్యాన్ వైరు లాగి పడగ్గదిలో ఇంకో రౌటర్ పెట్టాం. ఫోన్లో కాస్ట్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, టీవీ పేరు రాదు. యూట్యూబులో మాత్రం టీవీ పేరు కనబడుతోంది. టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేయమంటున్నారు, చేసేయనా?

బ్రాడీపేట 4/14:
ఆగండి, రీసెట్ ఆఖరి మందు. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు (టీవీకి తగిలించే గూగుల్ కాస్ట్ పరికరాలు) మూకుమ్మడిగా మొరాయిస్తే, కారణం వాటి లోపలి భద్రతా సర్టిఫికెట్ గడువు తీరడం. ఆ తొందరలో రీసెట్ కొట్టినవాళ్ళకి మళ్ళీ సెటప్ చేసుకోవడం కూడా కుదరక ఇంకో తిప్పలు.
ముందు మీరు వాడుతున్నది ఏదో తేల్చండి. ఫోన్లో ఒకటే బటన్ ఉన్నా వెనక రెండు వేరువేరు పద్ధతులున్నాయి. మిరాకాస్ట్ అయితే ఫోన్ నేరుగా టీవీతో మాట్లాడుతుంది, మధ్యలో రౌటర్‌తో పనిలేదు. గూగుల్ కాస్ట్ అయితే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే రాత్రంతా కూర్చున్నా తెగదు.

సత్యనారాయణపురం:
ఏదైనా సరే, రెండూ ఒకే వైఫైలో ఉంటేనే కదండీ వచ్చేది?

బ్రాడీపేట 4/14:
కాస్ట్‌కీ, ఐఫోన్ల ఎయిర్‌ప్లేకీ అంతే. మిరాకాస్ట్‌కి మాత్రం కాదు. దానికి ఫోన్లో వైఫై ఆన్‌లో ఉంటే చాలు, దేనికీ కనెక్ట్ అవ్వక్కర్లేదు. శాంసంగ్ ఫోన్లలో స్మార్ట్ వ్యూ, షావోమీలో కాస్ట్, వేరే కంపెనీల్లో స్క్రీన్‌కాస్ట్, ఇలా తలో పేరు. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో మిరాకాస్ట్ అసలు లేదు, వెతికి లాభం లేదు. కొన్ని టీవీల్లో స్క్రీన్ షేర్ యాప్ తెరిచి ఉంచితేనే టీవీ పేరు ఫోన్‌కి కనబడుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంటే ముందు అది ఆపండి.

గవర్నర్‌పేట నెట్‌వర్క్:
పటమట వాసి గారూ, మీ కష్టమంతా ఆ రెండో రౌటర్‌లో ఉంది. చూడండి: ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో కనెక్ట్ అయిన పేరు మీద నొక్కితే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ ఫోన్ చిరునామా) ఉంటుంది. టీవీలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌కి వెళ్ళి అలాగే చూడండి. సాధారణంగా చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ కలవాలి. ఒకటి 192.168.1.5, ఇంకోటి 192.168.0.7 అని ఉంటే అవి రెండు వేరు నెట్‌వర్క్‌లు. ఇంటర్నెట్ రెండింట్లోనూ వస్తుంది కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది. కాస్ట్ మాత్రం "ఇంట్లో టీవీ ఎవరైనా ఉన్నారా" అని వేసే కేక రెండో రౌటర్ గడప దాటదు.
యూట్యూబ్‌లో టీవీ కనబడటానికి కారణం వేరు. ఎప్పుడో టీవీ కోడ్‌తో లింక్ చేసుంటారు, అది ఇంటర్నెట్ మీదుగా పనిచేస్తుంది. దాన్ని చూసి నెట్‌వర్క్ బాగుందనుకోవద్దు.
బాగుచేయడం: రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా డబ్బా నెట్‌వర్క్‌నే వైఫైగా అందించేది) ఉంటే అది పెట్టి రీస్టార్ట్ చేయండి, అయిపోయింది. లేకపోతే చేత్తో చేయాలి. ముందు రెండో రౌటర్ సొంత అడ్రస్‌ని మొదటి డబ్బా వరసలోకి మార్చండి. డబ్బాది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 పెట్టి, డబ్బా వేరే వాళ్ళకి అదే అడ్రస్ ఇవ్వకుండా చూసుకోండి. తర్వాత రెండో రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లకీ టీవీకీ అడ్రస్‌లు పంచే పని) ఆపండి. చివరగా డబ్బా నుంచి వచ్చే వైరుని వాన్ (ఇంటర్నెట్ వచ్చే) పోర్టులోంచి పీకి ల్యాన్ (ఇంట్లో పరికరాలకి ఇచ్చే) పోర్టులో పెట్టండి. ఈ వరస తప్పకండి. డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే ఫోన్‌కి అడ్రస్ దొరక్క సెట్టింగ్స్ పేజీయే తెరుచుకోదు. వైరు ముందే మారిస్తే ఇద్దరు పెద్దలు ఒకే ఇంట్లో అడ్రస్‌లు పంచడం మొదలెడతారు.

అరండల్‌పేట:
దానితోపాటు ఏపీ ఐసొలేషన్ అనే టిక్కు కూడా చూడండి. ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, యాక్సెస్ పాయింట్. కొన్ని డబ్బాల్లో క్లయింట్ ఐసొలేషన్ అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఒకే వైఫైలో ఉన్నవి కూడా ఒకదాన్నొకటి చూడలేవు. గెస్ట్ వైఫైలో మామూలుగా ఇది ఆన్‌లోనే ఉంటుంది, అందుకే టీవీని గెస్ట్‌లో పెట్టకూడదు. ఫోన్లో వీపీఎన్ (ఇంటర్నెట్‌ని వేరే సర్వర్ మీదుగా మళ్ళించేది) ఉన్నా ఇదే గోల. యాడ్స్ ఆపే యాప్‌లు కొన్ని లోలోపల వీపీఎన్‌గానే నడుస్తాయి, ఒకసారి ఆపి చూడండి.

సత్యనారాయణపురం:
నాది శాంసంగ్ టీవీ. ఒక ఫోన్ వస్తుంది, ఇంకో ఫోన్ ఎన్నిసార్లు నొక్కినా రాదు. రెండూ ఒకే మోడల్.

బ్రాడీపేట 4/14:
మొదటిసారి కనెక్ట్ అయ్యేటప్పుడు టీవీ మీద "అనుమతించాలా" అని చిన్న పెట్టె వస్తుంది. రిమోట్ పిల్లల చేతిలో ఉండి డినై (వద్దు) మీద పడితే ఆ ఫోన్ పేరు నిరాకరించిన వాటిలో ఎక్కిపోతుంది, ఇక మళ్ళీ అడగదు. టీవీ సెట్టింగ్స్, జనరల్, ఎక్స్‌టర్నల్ డివైస్ మేనేజర్, డివైస్ కనెక్షన్ మేనేజర్, డివైస్ లిస్ట్. అక్కడ ఆ ఫోన్‌ని అలౌ చేయండి, లేదా తీసేసి మళ్ళీ కలపండి. కొత్త మోడళ్ళలో మెనూ పేర్లు కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

కొరిటెపాడు:
కనెక్ట్ అవుతోంది కానీ బొమ్మ ఆగి ఆగి వస్తోంది. మిరాకాస్టే.

గవర్నర్‌పేట నెట్‌వర్క్:
ఫోన్ 5 గిగాహెర్ట్జ్ వైఫైలో ఉండి, టీవీకి 2.4 ఒక్కటే ఉంటే, ఫోన్ అటూ ఇటూ గెంతుతుంది, బొమ్మ ముక్కలవుతుంది. ఫోన్‌ని ఇంటి వైఫైలోంచి డిస్‌కనెక్ట్ చేసి (వైఫై ఆఫ్ చేయొద్దు), మొబైల్ డేటా మీద వీడియో పెట్టి చూడండి. తేడా వెంటనే తెలుస్తుంది. అపార్ట్‌మెంట్లలో 2.4 అంటే బందరు రోడ్డు ట్రాఫిక్కే. రౌటర్‌లో ఛానల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. కుదిరితే కాస్ట్ వాడి టీవీని 5లో పెట్టండి.

అరండల్‌పేట:
ఓటీటీ యాప్ పెట్టగానే టీవీ నల్లబడి, మాటలు మాత్రమే వస్తే అది చెడిపోవడం కాదు. కాపీ రక్షణ అలా చేస్తుంది, బ్యాంకు యాప్‌లు కూడా అంతే. మిర్రరింగ్‌తో (ఫోన్ స్క్రీన్ మొత్తం టీవీలో చూపడంతో) కుస్తీ వద్దు. యాప్‌లోనే కాస్ట్ బొమ్మ ఉంటే అది నొక్కండి, లేదంటే టీవీలోనే ఆ యాప్ వేసుకోండి. ఫోన్ బ్యాటరీ కూడా మిగులుతుంది.

సత్యనారాయణపురం:
ఇవన్నీ ఎందుకు, టైప్ సి నుంచి హెచ్‌డీఎంఐ వైరు కొనుక్కుంటే పోదా?

కొరిటెపాడు:
కొనే ముందు ఫోన్ చూసుకోండి. ఆ వైరులోంచి బొమ్మ రావాలంటే ఫోన్ పోర్టుకి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోన్ వివరాల్లో యూఎస్‌బీ 2.0 అని రాసి ఉంటే మామూలుగా ఆ వైరుతో బొమ్మ రాదు. ధర తక్కువ ఫోన్లలో ఎక్కువ ఇవే. ఐఫోన్ 15ది వేరే లెక్క: డేటా వేగం 2.0 అయినా బొమ్మ ఇస్తుంది. పాత లైట్నింగ్ ఐఫోన్లకి వేరే అడాప్టర్ కావాలి. ఐఫోన్లకి మిరాకాస్ట్ లేదు, ఎయిర్‌ప్లే ఉన్న టీవీయో, వైరో, అంతే.

బ్రాడీపేట 4/14:
ఇంకో ముక్క. గోడకి బిగించిన టీవీ వెనక స్ట్రీమింగ్ స్టిక్ (హెచ్‌డీఎంఐలో గుచ్చే చిన్న పరికరం) పెట్టేవాళ్ళు దాని కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి తీయకండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది సగం ఆంపియరే, చాలా స్టిక్‌లకి 5 వోల్టులు 1 ఆంపియర్ అడాప్టర్ కావాలి. మిర్రరింగ్ మొదలవగానే స్టిక్ రీస్టార్ట్ అవుతుంటే ముందు దీన్ని అనుమానించండి. రోళ్ళు పగిలే రోహిణీ కార్తెలో టీవీకీ గోడకీ మధ్య ఇరుక్కున్న స్టిక్ వేడెక్కి కూడా ఆగుతుంది. చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ వేసి బయటికి లాగితే గాలి తగులుతుంది, వైఫై కూడా బాగా అందుతుంది.
కరెంటు పోయి వచ్చాక పనిచేయకపోతే, రౌటర్ దీపాలు నిలకడయ్యాక టీవీ ప్లగ్గు పీకి ఒక నిమిషం ఆగి పెట్టండి. రిమోట్‌తో ఆపితే టీవీ నిద్రపోతుందంతే, రీస్టార్ట్ అవ్వదు. తేదీ, టైము కూడా సరిగ్గా ఉన్నాయో చూడండి.

పటమట వాసి:
చూశాను. ఫోన్ 192.168.0.4, టీవీ 192.168.1.9. రెండో రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ దొరికింది, పెట్టి రీస్టార్ట్ చేస్తే టీవీ పేరు వెంటనే వచ్చింది. కానీ ఇప్పుడు రౌటర్ పేజీ 192.168.0.1లో తెరుచుకోవట్లేదు.

గవర్నర్‌పేట నెట్‌వర్క్:
తెరుచుకోదండీ, దానికిప్పుడు అడ్రస్ మీ ఫైబర్ డబ్బాయే ఇస్తోంది. డబ్బా పేజీలో కనెక్టెడ్ డివైసెస్ చూడండి, రౌటర్ పేరు పక్కనే కొత్త అడ్రస్ ఉంటుంది. అది రౌటర్ అడుగున స్టిక్కర్ మీద రాసి పెట్టుకోండి.