8 మిల్లీమీటర్ల థైరాయిడ్ గడ్డ: వెంటనే సూది పరీక్షా, కొంతకాలం గమనించడమా?

ప్రశ్న:
మెడ రక్తనాళాల కోసం తీసిన స్కానింగులో నా థైరాయిడ్ గ్రంథి కుడివైపున 8 మిల్లీమీటర్ల గడ్డ అనుకోకుండా బయటపడింది. తర్వాత థైరాయిడ్ కోసమే తీయించిన అల్ట్రాసౌండ్ రిపోర్టులో టిరాడ్స్ 5, అంటే క్యాన్సర్ అనుమానం ఎక్కువగా ఉన్న వర్గం, అని రాశారు. థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష మామూలుగానే ఉంది. ఒక వైద్యురాలు ఏడాది తర్వాత మళ్లీ స్కాన్ చేద్దామన్నారు. మరొకరు వెంటనే సూది పరీక్ష, అంటే సన్నని సూదితో గడ్డలోని కణాలు తీసి చూసే పరీక్ష, చేయించుకోమన్నారు. అనుమానం ఎక్కువని రాసి కూడా ఆగమనడం ఎందుకో నాకు బోధపడడం లేదు. రాత్రుళ్లు చెయ్యి మాటిమాటికీ మెడ మీదికే పోతోంది.

మొదటి జవాబు:
మీ ఆందోళన సహజమే. అయితే ఆగమన్న వైద్యురాలు నిర్లక్ష్యంగా చెప్పలేదండి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017లో ప్రచురించిన టిరాడ్స్ పద్ధతి ప్రకారం 5వ వర్గపు గడ్డ ఒక సెంటీమీటరు చేరితేనే సూది పరీక్ష సూచిస్తారు. 5 నుంచి 9 మిల్లీమీటర్లుంటే అయిదేళ్లపాటు ఏటా స్కాన్ చేస్తారు. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే పాపిల్లరీ రకంలో చిన్నవి చాలామటుకు నెమ్మదిగా పెరుగుతాయి, కొన్ని అసలు పెరగవు. జపాన్‌లోని కోబెలో కుమా ఆసుపత్రి వైద్యులు 1993 నుంచి అటువంటివారిని ఆపరేషన్ లేకుండా గమనిస్తూ వచ్చారు. పదేళ్లలో 3 మిల్లీమీటర్లు, అంతకుమించి పెరిగినవి సుమారు 8 శాతమే.

రెండవ జవాబు:
పై మాట నిజమే కాని, కోబెలో గమనించినవి సూది పరీక్షలో క్యాన్సర్‌గా తేలిన గడ్డలన్నది మరవకూడదు. పైగా కొలత ఒక్కటే చూస్తే చాలదు. గడ్డ శ్వాసనాళానికి ఆనుకొని ఉందా, స్వరపేటిక నరం వెళ్లే వెనుక వైపున ఉందా, మెడ పక్కల లింఫ్ గ్రంథులు ఎలా ఉన్నాయి అన్నవి రిపోర్టులో ఉన్నాయో లేదో చూడండి. నా మొదటి స్కానులో లింఫ్ గ్రంథుల ప్రస్తావనే లేదు, పట్టుబట్టి మళ్లీ చేయించుకోవలసి వచ్చింది. వాటిలో తేడా కనిపించినా, గొంతు మారినా, చిన్నతనంలో మెడకు రేడియేషన్ ఇచ్చి ఉన్నా, కుటుంబంలో మెడుల్లరీ క్యాన్సర్ (వంశపారంపర్యంగా రాగల థైరాయిడ్ క్యాన్సర్ రకం) ఉన్నా ఏడాది ఆగవద్దు.

మూడవ జవాబు:
సూది పరీక్ష ప్రతిసారీ అవునో కాదో తేల్చదు. ఆ పరీక్ష ఫలితాన్ని బెథెస్డా అనే పద్ధతిలో ఆరు వర్గాలుగా చెబుతారు. వాటిలో మొదటిది కణాలు చాలలేదని, మూడవది ఏదీ తేలలేదని చెబుతుంది. అందుకని ముందుగానే, క్యాన్సర్ అని వస్తే ఆపరేషన్‌కు వెళతారా, అప్పుడూ గమనిస్తూనే ఉంటారా అన్నది వైద్యులతో మాట్లాడుకోండి. ఆగేటట్లయితే వీలైనంతవరకు ఒకే చోట స్కాన్ చేయించండి. కనీసం రెండు కొలతల్లో 20 శాతం, దానితోపాటు కనీసం 2 మిల్లీమీటర్లు పెరిగినా, లేదా ఘనపరిమాణం 50 శాతం పెరిగినా పెరుగుదలగా లెక్కిస్తారు. ఒక మిల్లీమీటరు తేడా కొలవడంలోనే రావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
రిపోర్టు మళ్లీ చదివాను. గడ్డ ఎక్కడుందో రాశారు గాని లింఫ్ గ్రంథుల ఊసే లేదు. ముందు ఆ స్కాన్ చేయించుకొని, ఆ తర్వాతే నిర్ణయించుకుంటాను.