రోమ్ నాణెం కింద సిరక్యూస్ త్రిశూలం: దీనికి ఎక్కువ డబ్బు పెట్టాలా?

కంచుబిళ్ళ:
అందరికీ నమస్కారం. నేను జర్మనీలో ఉంటాను. మొన్న ఇక్కడి నాణేల సంతలో సెక్స్‌టాన్స్ అనే ఒక చిన్న రోమన్ కంచు నాణెం చూశాను. ఒకవైపు రెక్కల టోపీతో రోమన్ దేవుడు మెర్క్యురీ తల, ఇంకోవైపు ఓడ ముందుభాగం, గోధుమ కంకి గుర్తు. రోమ్ శత్రువైన కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం జరుగుతున్నప్పుడు సిసిలీలో కొట్టిన వరుస, క్రీ.పూ. 211 తర్వాతి రెండు మూడేళ్లది. తూకం 6 గ్రాములకు కాస్త తక్కువ.

తలకిందులుగా పట్టుకుంటే ఓడ మీదుగా త్రిశూలం పళ్ళు కనిపిస్తున్నాయి. అంటే సిసిలీలోని సిరక్యూస్ నగరానికి రాజైన రెండో హీరోన్ కంచు నాణెం మీదే రోమ్ వాళ్లు తమ అచ్చు వేశారు. ఆ పాత నాణేనికి ఒకవైపు గ్రీకు సముద్ర దేవుడు పొసైడన్ తల, ఇంకోవైపు త్రిశూలం ఉంటాయి. మామూలు సెక్స్‌టాన్స్‌కి రెండింతలు అడుగుతున్నాడు. నాతో వచ్చిన స్నేహితుడు "ఎంగిలి నాణేనికి ఇంత రేటా?" అన్నాడు. మీరేమంటారు?

గుడివాడ కుర్రాడు:
మీ స్నేహితుడి మాటే నాదీను. మెర్క్యురీ ముక్కు ఎక్కడో, ఓడ ఎక్కడో తెలియని నాణేన్ని ఆల్బమ్‌లో పెట్టుకుని చేసేదేముంది? అదే డబ్బుకు అచ్చు శుభ్రంగా పడిన సెక్స్‌టాన్స్‌లు రెండు వస్తాయి.

పాతరూక:
తమ్ముడూ, అందం కోసమైతే వెండి డినేరియస్ కొనుక్కో. ఇది గెలిచినవాడు ఓడినవాడి ముఖం మీద గుద్దిన ముద్ర. మన దగ్గరే చూడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షహరాత రాజు నహపానుడివే. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన కొండ గుర్తు, ఉజ్జయిని గుర్తు కొట్టించాడు. క్షహరాత వంశాన్ని మిగలకుండా చేశాడని నాసిక్ గుహ శాసనంలో తల్లి బాలశ్రీ చెప్పుకుంది కూడా. రోమ్ సిరక్యూస్‌కు చేసిందీ అదే. ఆ కసి కంటికి కనబడుతోంది కాబట్టే రేటు.

తూనికరాయి:
పాతరూక గారూ, శాతకర్ణి సంగతి ఒప్పుకుంటాను. సిసిలీ సంగతి మాత్రం ఒప్పుకోలేను. హీరోన్ రోమ్‌కు శత్రువు కాదండీ. క్రీ.పూ. 263 నుంచి 215లో చనిపోయేదాకా నమ్మకమైన మిత్రుడు. అవమానించాలనుకుంటే అతని నాణేలే ఎందుకు దొరికాయి వాళ్లకు?

నా లెక్క త్రాసు దగ్గర మొదలవుతుంది. సెక్స్‌టాన్స్ అంటే రోమ్ ప్రధాన కంచు నాణెమైన ఆస్‌లో ఆరో వంతు. ఈ యుద్ధానికి ముందు ఆస్ సుమారు 270 గ్రాములు ఉండేది. అప్పుడు సెక్స్‌టాన్స్ 45 గ్రాముల పోతపోసిన కంచు ముద్ద. హీరోన్ త్రిశూలం నాణేన్ని దానిగా మార్చడం ఎవరి వల్లా కాదు. యుద్ధ ఖర్చుకు ఆస్ బరువు తగ్గుతూ తగ్గుతూ 54 గ్రాముల దగ్గరికి వచ్చింది. సెక్స్‌టాన్స్ 9 గ్రాములకు పడింది, సిసిలీలో ఇంకా తేలికగా కొట్టారు. త్రిశూలం నాణేలు చాలావరకు 5 నుంచి 8 గ్రాములుంటాయి. ఇంకేం కావాలి? కంచు కరిగించే పని లేదు, బిళ్ళలు పోసే పని లేదు. సంచిలో ఉన్న నాణేన్ని కాల్చి అచ్చుల మధ్య పెట్టి ఒక్క సుత్తి దెబ్బ వేస్తే సైనికుడి జీతం సిద్ధం. బిళ్ళ సరిగ్గా వేడెక్కకపోయినా, దెబ్బ ఒక పక్కకు పడినా పాత బొమ్మ మిగిలిపోతుంది. మీకు కసి కనబడుతున్న చోట నాకు కనబడేది తొందరపాటు.

నిజంగా కసి ఉన్నవాళ్లు ఎలా చేస్తారో యూదయాలో చూడండి. క్రీ.శ. 132–135 బార్ కోఖ్బా తిరుగుబాటులో రోమ్ మీద తిరగబడ్డ యూదులు రోమ్ నాణేల మీద తమ ముద్ర వేసుకున్నారు. కంచు వాటి మీద చక్రవర్తి ముఖాన్ని ముందే ఆకురాయితో రాసేశారు కూడా. సిసిలీలో రోమ్ ఆ శ్రమ పడలేదు.

పాతరూక:
హీరోన్ మిత్రుడే, కాదనను. కానీ అతను పోగానే మనవడి హయాంలో సిరక్యూస్ కార్తేజ్ వైపు తిరిగింది కదా! 212లో రోమన్ సేనాని మార్సెల్లస్ ఆ ఊరిని దోచుకున్నాడు. సార్డీనియాలోనూ కార్తేజ్ దేవత తానిత్ తల ఉన్న నాణేల మీదే రోమ్ ముద్ర పడింది. క్రీ.శ. 106లో నబాటియన్ రాజ్యాన్ని కలిపేసుకున్నాక అక్కడి వెండి నాణేల మీద రోమ్ చక్రవర్తి ట్రాజన్ తల వచ్చింది. ఎక్కడ చూసినా కొత్తగా చేజిక్కిన నేలే. ఇన్నిసార్లు యాదృచ్ఛికమా?

తూనికరాయి:
గెలిచిన చోట చేతికి దొరికేది అక్కడి నాణేలే కదండీ! విశాఖలో వల వేస్తే విశాఖ చేపలే పడతాయి. ట్రాజన్ విషయంలో నేను గట్టిగా వాదించను. రాజ్యం మారిందని జనానికి తెలియజేయడం కూడా అందులో ఉండవచ్చు.

రేటు సంగతికొస్తే, నేనైతే ఎక్కువే ఇస్తాను, కానీ కసి కథకు కాదు. అడుగు బొమ్మ ముందుది, పై బొమ్మ తర్వాతది. ఈ వరుసను ఎవరూ కాదనలేరు. 1932లో నాణేల పండితులు మాటింగ్లీ, రాబిన్సన్ డినేరియస్ పుట్టుకను క్రీ.పూ. 187 దాకా జరిపారు. తర్వాత సిసిలీలోని మోర్గాంటినాలో, 211లో ఆ ఊరు ధ్వంసమైన పొరలో కొత్త రోమన్ వెండి దొరికింది. దానికి తోడు ఇలాంటి ముద్ర మీద ముద్ర నాణేలను వరుసపెట్టి చూసి 211 ప్రాంతానికి తెచ్చారు. మెర్క్యురీ ముక్కు ఎంత నునుపుగా ఉన్నా ఆ పని చేయలేదు.

గుడివాడ కుర్రాడు:
మాస్టారూ, చరిత్రకారుడికి పనికొచ్చింది సరే. అది త్రిశూలమే అని ఎవరు తేల్చారు? మబ్బుల్లో ఏనుగును చూసినట్టు అమ్మేవాళ్లు ఏ గీతనైనా అడుగు బొమ్మ అంటారు. నేను ఒకసారి దెబ్బ తిన్నాను. "కింద గ్రీకు దేవత" అని అమ్మితే కొన్నాను. ఆరు నెలల తర్వాత ఫోటో పెద్దది చేసి చూస్తే ఆ దేవత గడ్డం మెర్క్యురీ సొంత గడ్డమే! బిళ్ళ కదిలి అదే అచ్చు రెండుసార్లు పడింది. వెనక్కి తీసుకోమంటే ఆయన ఫోనే ఎత్తలేదు.

కంచుబిళ్ళ:
గుడివాడ గారి మాటతో టెన్షన్ పట్టుకుని ఈ ఆదివారం భూతద్దం తీసుకుని మళ్లీ వెళ్లాను. టార్చి లైటు పక్కనుంచి వేసి నాణేన్ని మెల్లగా తిప్పాను. మూడు పళ్ళలో రెండు స్పష్టంగా ఉన్నాయి, మూడోది ఓడ అంచు కింద నలిగిపోయింది. వాటి పక్కన వంపు తిరిగిన చిన్న గీత. అది త్రిశూలానికి అటూ ఇటూ ఉండే డాల్ఫిన్లలో ఒకదాని వీపు. మామూలు హీరోన్ నాణెం ఫోటోను అదే సైజుకు తెచ్చి పక్కన పెడితే పళ్ళ మధ్య దూరం సరిపోయింది. మెర్క్యురీ వైపు మాత్రం పొసైడన్ జాడ దాదాపు లేదు, మెడ దగ్గర జుట్టు పాయ లాంటిది ఒకటి తప్ప. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని అమ్మే ఆయనతోనే అన్నాను. ఆ మాట మీదే రెండింతలు కాస్తా ఒకటిన్నరకు దిగింది. కొన్నాను.

పాతరూక:
శుభం! కసికి డిస్కౌంట్ దొరికింది.

గుడివాడ కుర్రాడు:
అంచు ఫోటో కూడా పెట్టండి. పోతపోసిన నకిలీ అయితే చుట్టూ సన్నటి అతుకు గీత ఉండవచ్చు. దాన్ని ఆకురాయితో రాసేసిన గుర్తులున్నాయేమో కూడా చూడండి.