ఇస్లామిక్ బ్యాంకు, మామూలు బ్యాంకు, ఫోన్ బ్యాంకు: కస్టమర్‌కు ఏది మేలు?

శీను_షార్జా:
అందరికీ నమస్కారం. షార్జాలో ఏసీ మెకానిక్‌గా చేస్తున్నాను. పాత కారు కొనడానికి 48,000 దిర్హాములు కావాలి. ఇస్లామిక్ బ్యాంకు వాళ్లు ఏడాదికి 3 శాతం లాభం వేసుకుంటాం, ఐదేళ్లు, నెలకు 920 కట్టాలి అన్నారు. మామూలు బ్యాంకు వాళ్లు కూడా దాదాపు అంతే చెప్పారు, కాకపోతే దాన్ని వడ్డీ అన్నారు. నేను ముస్లింని కాదు, నాకు ఇస్తారా అని అడిగితే అందరికీ ఇస్తాం అన్నారు. రూమ్‌లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఏది తీసుకోమంటారు?

చందు_కడప:
రెండూ ఒకటే తమ్ముడూ. పేరు ఒక్కటే మారుతుంది.

విశ్రాంత_మేనేజర్:
శీను గారూ, నేను 34 ఏళ్లు బ్యాంకులో చేసి రిటైర్ అయ్యాను. ముందు ఆ 3 శాతం సంగతి చూడండి. 48,000 మీద 3 శాతం చొప్పున ఐదేళ్లకు 7,200. మొత్తం 55,200. దాన్ని 60తో భాగిస్తే 920. కానీ మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉంటారు. నాలుగో ఏడు వచ్చేసరికి మీ దగ్గర బ్యాంకు డబ్బు సగం కూడా ఉండదు. అయినా 48,000 మొత్తం మీదే లెక్క వేస్తున్నారు. మన ఊళ్లో ఇంటి లోను లెక్కలా తగ్గే బాకీ మీద వేస్తే ఇది 5.6 శాతం దగ్గర తేలుతుంది. రెండు బ్యాంకుల్నీ తగ్గే బాకీ మీద రేటు ఎంతో రాసిమ్మని అడగండి. ఏది తక్కువైతే అది తీసుకోండి. లాభం అన్నా వడ్డీ అన్నా మీ జేబులోంచి పోయేది ఆ 7,200.

సలీం_ఆర్మూర్:
సార్, పెద్దవారు, లెక్క బాగా చెప్పారు. కానీ "ఏది తక్కువైతే అది" అనడంతో నేను ఒప్పుకోను. నేను షార్జాలోనే 11 ఏళ్ల నుంచి ఉన్నాను, ఇలాగే కారు తీసుకున్నాను. ఇస్లాంలో మిత్తి తీసుకోకూడదు, అందుకే ఈ పద్ధతి. దీన్ని మురాబహా అంటారు. బ్యాంకు మీకు డబ్బు ఇవ్వదు. ముందు కారు తను కొని, లాభం కలుపుకుని మీకు అమ్ముతుంది. అమ్మిన ధర 55,200 అని కాగితం మీద పడిపోయింది. మీరు ఆరు నెలలు కట్టకపోయినా అది 55,201 కాదు. మిత్తి మీద మిత్తి పడదు. ఆలస్య రుసుము తీసుకుంటే అది బ్యాంకు తినకూడదు, దానధర్మాలకు ఇవ్వాలి. ఇది పేరు తేడా ఎట్లా అవుతుంది?

మన దగ్గర చూడండి. రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు 4 నుంచి 6.5 శాతానికి పోయింది. మా చిన్నాన్న కొడుకు నిజామాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. 15 ఏళ్ల లోను, ఒక్క కిస్తీ తప్పలేదు, గడువు మాత్రం ఐదేళ్లకు పైగా పెరిగింది. ఎవరూ అడగలేదు, ఒక ఎస్సెమ్మెస్ వచ్చిందంతే.

విశ్రాంత_మేనేజర్:
సలీం గారూ, కారు లోనుకు ఇంటి లోనుకు ముడి పెట్టకండి. కారు లోను మామూలు బ్యాంకులో కూడా చాలాసార్లు స్థిరమైన కిస్తీయే. ఇంటికి పోల్చాలంటే మీ ఇజారాతో పోల్చండి. బ్యాంకు ఇల్లు కొని మీకు అద్దెకిస్తుంది. ఆ అద్దెను కూడా అక్కడి బ్యాంకుల మధ్య నడిచే రేటుకే కడతారు. రేటు పెరిగితే అద్దె పెరుగుతుంది.

ఇంకో మాట. బ్యాంకు కారు ముందు కొంటుంది అన్నారు. ఎంతసేపు ఉంచుకుంటుంది? ఆ మధ్యలో కారు దెబ్బతింటే నష్టం బ్యాంకుదే అని సూత్రం చెబుతుంది, నిజమే. కానీ ఆ మధ్య ఉండేది ఎంత కాలం? ఉదయం కొని మధ్యాహ్నం అమ్మేస్తారు.

సలీం_ఆర్మూర్:
ఆలస్య రుసుము సంగతి మీరు ముట్టుకోలేదు సార్.

విశ్రాంత_మేనేజర్:
ముట్టుకుంటాను. కట్టేవాడికి వంద పోతే పోయినట్టే. అది బ్యాంకుకు చేరిందా, అనాథాశ్రమానికి చేరిందా అన్నది అతనికేమిటి తేడా?

సలీం_ఆర్మూర్:
చాలా తేడా సార్. మీరు ఆలస్యం చేస్తే బ్యాంకుకు లాభం వస్తుందంటే, మీరు ఆలస్యం చేయాలనే బ్యాంకు కోరుకుంటుంది. క్రెడిట్ కార్డుల వ్యాపారం మొత్తం దాని మీదే నడుస్తుంది కదా. మీ ఆలస్యంతో దానికి పైసా రాకపోతే ఫోన్ చేసి "ఏమైంది భాయ్" అని అడుగుతుంది. నన్ను 2020లో అడిగారు. కరోనాలో జీతం మూడు నెలలు ఆగింది. కిస్తీలు చివరికి జరిపారు, ధర పెంచలేదు.

విశ్రాంత_మేనేజర్:
ఆ ఏడాది మన బ్యాంకులు కూడా మారటోరియం ఇచ్చాయి, అంటే కొన్ని నెలలు కిస్తీ కట్టకుండా ఆగే వీలు.

సలీం_ఆర్మూర్:
ఇచ్చాయి, ఆ నెలలకూ మిత్తి వేశాయి. ఆ మిత్తి మీద వేసిన మిత్తిని తిరిగి ఇవ్వడానికి సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

శీను_షార్జా:
సలీం అన్నా, సెక్యూరిటీ చెక్కు అడిగారు. ఇద్దరూ అడిగారు. అదేంటి?

విశ్రాంత_మేనేజర్:
అదే నేను చెప్పబోతున్నది. మీరు కట్టడం ఆపితే వేసుకోవడానికి ముందే సంతకం పెట్టించుకునే చెక్కు అది, ఇద్దరూ తీసుకుంటారు. 2022 జనవరి దాకా అక్కడ చెక్కు బౌన్స్ అయితే క్రిమినల్ కేసు. లాభం అన్నవాడూ వడ్డీ అన్నవాడూ ఒకే స్టేషన్‌కు పంపగలిగేవారు. ఇస్లాం ధర్మశాస్త్ర పండితుల సంస్థ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ వాళ్లే 2009లో మీ షార్జాలో కూర్చుని, బ్యాంకులు వరుసగా చేసుకుపోతున్న తవర్రుఖ్ పద్ధతి చెల్లదన్నారు. అంటే సరుకు కొన్నట్టు, అమ్మినట్టు కాగితాలు చూపి కస్టమర్ చేతికి నగదు ఇవ్వడం. వాళ్ల పండితులే ఒప్పుకోని దాన్ని మీరు ఎందుకు భుజాన వేసుకుంటారు?

సలీం_ఆర్మూర్:
పండితులు తప్పు పట్టారంటే నియమం ఉంది కాబట్టే పట్టారు. నియమం తప్పిన బ్యాంకును నేనూ వెనకేసుకు రాను.

కిరణ్_గచ్చిబౌలి:
మీ ఇద్దరూ పాత కాలంలోనే ఉన్నారండీ. ఇప్పుడు కస్టమర్‌కు సేవ అంటే ఫోన్. 2016లో యూపీఐ వచ్చింది. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్ 2019 డిసెంబర్ నుంచి రాత్రీ పగలూ నడుస్తోంది. ఎన్నారై ఖాతాకు దుబాయ్ నంబర్‌తో యూపీఐ పెట్టుకునే వీలు 2023లో ఇచ్చారు. శీను గారు షార్జా నుంచి ఊళ్లో కరెంటు బిల్లు కట్టేయొచ్చు. లాభమా వడ్డీయా అని ఎవరు చూస్తున్నారు? లైన్‌లో నిలబడే పని తప్పింది, అదీ సేవ.

పద్మజ_జగిత్యాల:
కిరణ్ గారూ, మా అమ్మ సంగతి చెబుతాను. మా ఆయన మస్కట్‌లో ఉంటారు, డబ్బు అమ్మ ఖాతాలో వేస్తారు. మొన్న మార్చిలో వాట్సాప్‌లో బ్యాంకు బొమ్మతో ఒక ఫైల్ వచ్చింది, ఖాతా వివరాలు అప్‌డేట్ చేయకపోతే పింఛను ఆగిపోతుందని. అమ్మ నొక్కింది. గంటలో 87,000 పోయింది. అమ్మ ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. ఆ ఫైలే మెసేజ్‌లు చదువుకుందట. బ్రాంచికి వెళితే టోల్ ఫ్రీకి చేయమన్నారు. టోల్ ఫ్రీలో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. అమ్మకు మాట్లాడే మనిషి దొరకలేదు. చివరికి "ఓటీపీ వాడారు కాబట్టి మీదే బాధ్యత" అని ఉత్తరం వచ్చింది. ఆ రోజు నుంచి అమ్మ సరిగా అన్నం తినడం లేదు. అల్లుడి డబ్బు పోగొట్టానని ఒకటే టెన్షన్.

కిరణ్_గచ్చిబౌలి:
బాధగా ఉందండీ. కానీ తెలియని ఫైల్ నొక్కకూడదని అన్ని బ్యాంకులూ చెబుతూనే ఉన్నాయి కదా.

పద్మజ_జగిత్యాల:
ఎవరికి చెప్పాయి? ఇంగ్లిష్ మెసేజ్‌లో చెప్పాయి. అమ్మ చదివింది నాలుగో తరగతి. ఆమె ఫోన్ బ్యాంకు అడగలేదు. బ్రాంచిలో 10,000 లోపు కౌంటర్ దగ్గరికి రావద్దు, ఫోన్‌లో పెట్టించుకో అని వాళ్లే పంపారు.

విశ్రాంత_మేనేజర్:
పద్మజ గారూ, మీ అమ్మగారు ఎప్పుడు ఫిర్యాదు చేశారో తేదీ చెప్పండి. దాని మీదే అంతా ఉంటుంది. తర్వాత వివరంగా రాస్తాను.

నస్రీన్_టోలీచౌకి:
రెండు రోజులుగా ఈ చర్చ చూస్తున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మా అమ్మి (అమ్మ) మిత్తి ముట్టదు. బ్యాంకు ఖాతాలో పడ్డ మిత్తిని లెక్కకట్టి బీదలకు ఇచ్చేస్తుంది. ఆమె దగ్గరికి ఒక కంపెనీ వచ్చింది. బంగారంలో పెట్టుబడి, హలాల్, నెలనెలా లాభం అన్నారు. నగలు అమ్మి 6 లక్షలు పెట్టింది. ఏడాదిన్నర ఇచ్చారు, తర్వాత షట్టర్ దించేశారు. 2019లో బెంగళూరులో హలాల్ పేరుతో డబ్బు వసూలు చేసిన ఐఎంఏ కంపెనీ కూలినప్పుడు వేల కుటుంబాలు రోడ్డున పడ్డాయి, అందరికీ తెలుసు. మాదీ అలాంటి కథే. సలీం భాయ్, హలాల్ అన్న మాట వింటే నాకు భయం.

సలీం_ఆర్మూర్:
చెల్లెమ్మా, చాలా బాధ కలిగింది. కానీ అది బ్యాంకు కాదు. మన దేశంలో ఇస్లామిక్ బ్యాంకు లేనే లేదు. బ్యాంకు సరుకు కొని అమ్మకూడదని 1949 చట్టం ఎనిమిదో సెక్షన్‌లోనే ఉంది, కాబట్టి మురాబహా ఇక్కడ కుదరదు. నెలనెలా ఇంత ఇస్తామని ముందే చెప్పిందంటే అది హలాల్ కూడా కాదు, లాభం ముందే తెలియదు కాబట్టి.

నస్రీన్_టోలీచౌకి:
తెలుసు భాయ్. నేను అనేదీ అదే. సర్కారు తనిఖీ ఉన్న గుమ్మం ఒక్కటి తెరిచి ఉంటే మా అమ్మి ఆ షట్టర్ కింద దూరేది కాదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌కు వీలు కల్పించమంది. ఎందుకు చేయలేదు?

విశ్రాంత_మేనేజర్:
ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లడం లేదని 2017లో రిజర్వు బ్యాంకు చెప్పింది. బ్యాంకు సేవలు పొందే అవకాశాలు పౌరులందరికీ విస్తృతంగా, సమానంగా ఉన్నాయన్నది కారణం. నేను దానితో ఏకీభవిస్తాను. వడ్డీ వద్దనుకుంటే కరెంట్ ఖాతా ఉంది, దానికి వడ్డీ రాదు. ఒక మతం వారి కోసం వేరే కిటికీ తెరవడం మొదలుపెడితే దానికి అంతం ఉండదు.

సలీం_ఆర్మూర్:
మొదటి నుంచి మీ మనసులో ఉన్నది ఇదే అన్నమాట సార్. మేం అడిగేది మతం కిటికీ అని. శీను ముస్లింనా? వాడికి ఎందుకిస్తున్నారు?

మా బాపు సంగతి చెబుతా వినండి. ఆర్మూర్ పసుపు రైతు. పంట లోను సరిపోక అమ్మ బంగారం మీ బ్యాంకుల్లోనే ఒకదాంట్లో పెట్టాడు. ధర పడిపోయింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో పసుపు ధర కోసం 170 మందికి పైగా రైతులు నిలబడ్డారు, గుర్తుందా? ఆ ఏడాదే మా బంగారం వేలం వేశారు. ధర పడ్డది బాపు తప్పా? పంట పండితే మిత్తి తీసుకున్నారు, ధర పడితే బంగారం తీసుకున్నారు. ఏ ఏడూ బ్యాంకు నష్టపోలేదు. అప్పు ఇచ్చినవాడు నష్టంలో కూడా పాలు పంచుకోవాలనేది నా వాదన. అది ఏ మతం మాటైతే ఏంటి?

నిర్వాహకులు:
ఒకరి మనసులో ఏముందో మరొకరు తేల్చవద్దు. విషయం మీద మాట్లాడండి.

విశ్రాంత_మేనేజర్:
ఒక రోజు ఆగి రాస్తున్నాను. సలీం గారూ, మీ నాన్నగారి బంగారం సంగతి విని బాధపడ్డాను. అలాంటి వేలం నోటీసుల మీద నేనూ సంతకాలు పెట్టాను.

కానీ బ్యాంకు నష్టపోవాలి అంటున్నారు. బ్యాంకు అంటే ఎవరు? 2000 తర్వాత హైదరాబాద్‌లో కొన్ని అర్బన్ సహకార బ్యాంకులు మూతపడ్డాయి. వాటిలో ఒకదాంట్లో మా బావగారు రిటైర్మెంటు డబ్బు 4 లక్షలు వేశారు. నేనే వేయించాను, అర శాతం ఎక్కువ ఇస్తున్నారని. ఆ రోజుల్లో బ్యాంకు మూతపడితే డిపాజిట్ మీద వచ్చే బీమా లక్ష. ఆ లక్ష రావడానికే ఏళ్లు పట్టింది. ఇప్పుడు 2020 నుంచి 5 లక్షలు చేశారు, మంచిదే. అప్పు తీసుకున్నవారి నష్టం పంచుకోవడం అంటే ఏమిటో మా ఇంట్లో చూశాను. అందుకే నేను కఠినంగా ఉన్నాను. మతం కాదు.

సలీం_ఆర్మూర్:
మతం మాట ముందు తెచ్చింది మీరే సార్, అయినా సరే. మీ బావగారికి నష్టంలో పాలు ఉందని ఎవరూ చెప్పలేదు. అది మోసం. ముదారబా ఖాతాలో మొదటి రోజే చెబుతారు: లాభం ఇంత పాలు, నష్టమైతే మీ అసలుకూ దెబ్బ. ఇష్టం లేనివాడు కరెంట్ ఖాతాలో పెట్టుకుంటాడు, అది అప్పు కింద లెక్క, మొత్తం తిరిగివ్వాలి.

విశ్రాంత_మేనేజర్:
చెబితే సరిపోతుందా? పింఛనుదారుడు సంతకం పెట్టేటప్పుడు చదువుతాడా? పద్మజ గారి అమ్మగారు చదివారా? నిజానికి అక్కడి బ్యాంకులు కూడా మంచి ఏడాదిలో కొంత లాభం పక్కన దాచి చెడు ఏడాదిలో ఇస్తాయి, ఎందుకంటే డిపాజిటర్ నష్టాన్ని ఒప్పుకోడని వాళ్లకూ తెలుసు. రైతుకు నష్టం వస్తే ప్రభుత్వం మోయాలి, పంట బీమా మోయాలి. డిపాజిటర్ కాదు.

సలీం_ఆర్మూర్:
మోయాలి అంటారు. మా ఇంటికి ఎవరూ రాలేదు.

పద్మజ_జగిత్యాల:
మీరిద్దరూ నష్టం ఎవరిది అని కొట్లాడుకుంటున్నారు. మా అమ్మ అప్పు తీసుకోలేదు, లాభం కోసం ఎక్కడా పెట్టలేదు. ఆమె నష్టం ఎవరి లెక్కలో ఉంది? అమ్మ అదే రోజు సాయంత్రం సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేసింది. నంబర్ క్యాలెండర్ మీద రాసుకుంది.

విశ్రాంత_మేనేజర్:
అమ్మా, అది చాలా మేలు చేసింది. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ఉంది. తప్పు బ్యాంకుదీ కస్టమర్‌దీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగితే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలియజేసినవారికి బాధ్యత ఉండదు. కస్టమర్ అజాగ్రత్త అని బ్యాంకు అనవచ్చు, కానీ అది రుజువు చేయాల్సింది బ్యాంకే. కస్టమర్ అజాగ్రత్త అయినా, బ్యాంకుకు తెలిపిన తర్వాత పోయిన డబ్బు బ్యాంకుదే. కాబట్టి అమ్మ ఫోన్ చేసిన సమయం, ఒక్కో లావాదేవీ సమయం పక్కపక్కన రాయండి. 1930 నంబర్, బ్యాంకు ఫిర్యాదు నంబర్, రెండూ పెట్టండి. బ్రాంచిలో కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోండి. బ్యాంకు జవాబుతో తృప్తి లేకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి, ఖర్చు లేదు, తెలుగులో రాయవచ్చు. ఉత్తరం నేను రాసిపెడతాను, నిర్వాహకుల ద్వారా వివరాలు పంపండి.

కిరణ్_గచ్చిబౌలి:
పద్మజ గారూ, ముందు అలా అన్నందుకు క్షమించండి. అమ్మగారి ఫోన్ పూర్తిగా రీసెట్ చేయించండి, ఆ ఫైల్ ఇంకా లోపల ఉండొచ్చు.

శీను_షార్జా:
నేను కాగితాలు మళ్లీ అడిగాను. ముందే తీర్చేస్తే మిగిలిన లాభం తగ్గిస్తారా అంటే ఇస్లామిక్ బ్యాంకు వాళ్లు "మా ఇష్టం మీద ఉంటుంది" అన్నారు. రాసివ్వమన్నాను, రేపు రమ్మన్నారు.

సలీం_ఆర్మూర్:
రాసివ్వకపోతే తీసుకోకు తమ్ముడూ. నేను చెబుతున్నాను.

సార్, ఒక్కటి అడుగుతాను. మీ బావగారికి మిగతా 3 లక్షలు వచ్చాయా?

విశ్రాంత_మేనేజర్:
రాలేదు. ఆయన 2009లో పోయారు. రశీదు మా అక్క బీరువాలోనే ఉంది.